మొఱ వినువారికి శిక్షణ మెప్పుడు?

విజయనగర ప్రభువులైన ఆనందగజపతి మహారాజుగారు పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఒక పట్టిక వ్రాయించిరి. విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములయందు శుల్కము గైకొని జరపిన వివాహము లెన్ని యని విచారింపగా మూడేండ్ల లెక్క 1,034కు వచ్చెను. అందు 99 మంది బాలికలు అయిదేండ్లవారు; 44 మంది నాలుగేండ్లవారు; ముగ్గురు ఏడాది పసికందులు. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చువేసిన కన్యాశుల్క నాటకమునకు వ్రాసిన పీఠికలో ఈ యంకెల నుదాహరించిరి. పట్టిక వ్రాయకమున్నును ఆ బాలిక లీ గ్రామములందే యుండిరి. వారి దుఃఖము ఇరుగుపొరుగుల కెఱుకయే. అయినను అడిగి, విని, వ్రాసికొనువా రేర్పడు వఱకు అది లోకమునకు దుఃఖముగా తోచలేదు.

నాటికిని నేటికిని చట్టములలో మిక్కిలి భేదము గలదు. బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1929లో వచ్చెను; దాని స్థానమున 2006లో మఱియొక చట్టము చేయబడెను. లైంగిక నేరములనుండి పిల్లలను కాపాడు పోక్సో చట్టము 2012 నవంబరు 14వ తేదీనుండి అమలునకు వచ్చినది. దిక్కులేని పిల్లల సంరక్షణకై 2015లో బాలల న్యాయచట్టము వెలువడినది. బడిలో పిల్లలను కొట్టుట 2009 నాటి విద్యాహక్కు చట్టముచే నిషిద్ధము. ఇన్ని చట్టములుండియు పిల్లవాని నోరు తెఱపించు నేర్పు మన యుద్యోగులలో ఎందఱికి గలదు? ఈ వారము మేము పాఠకుల ముందుంచు ప్రశ్న యిది.

కేంద్రప్రభుత్వ మహిళా శిశు అభివృద్ధి శాఖవారు 2007లో ప్రకటించిన నివేదికను మఱవరాదు. 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను వారు ప్రశ్నించిరి. నూటికి 53 మంది ఏదో యొక విధమైన లైంగిక దుర్వర్తనమునకు లోనైనట్లు చెప్పిరి. ఈ బాధ యధికముగా కనబడిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. దోషులలో సగము మంది పిల్లలెఱిగినవారు, వారి నమ్మకమును పొందినవారు. పిల్లలలో ఎక్కువమంది ఈ సంగతి నెవ్వరితోను చెప్పుకొనలేదు. ఇంటివానిచే బాధింపబడిన బిడ్డ ఇంటిలో నెవరితో చెప్పును? బడిపంతులుతోనో, అంగన్వాడీ కార్యకర్తతోనో, సూదిమందు వేయవచ్చిన నర్సుతోనో, హాస్టలు వార్డెనుతోనో ఒక్క మాట జాఱవిడుచును. ఆ మాటను పట్టుకొనుట తెలియనిచో బిడ్డ మఱల నోరు విప్పదు.

చట్టము వీరినెవ్వరిని విడువలేదు. పోక్సో 19వ సెక్షను ప్రకారము ఇట్టి నేరము తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలయును. తెలుపనివానికి ఆఱు మాసముల వఱకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును; తనక్రిందివాడు చేసిన నేరమును దాచిన సంస్థాధికారికి ఏడాది వఱకు ఖైదు. మంచి యుద్దేశముతో తెలిపినవానికి పొరబాటు వచ్చినను చిక్కు లేదు. ఈ కడపటి మాట యెఱుగకయే గదా పంతుళ్లు "మన కెందుకు" అని ఊరకుందురు! శిక్షకు భయపడవలసినదని మాత్రము తెలిసి రక్షణ యున్నదని తెలియనివాడు మౌనమునే కోరును.

ఇక పోలీసువారి సంగతి. బిడ్డ యింటనో, బిడ్డ కోరిన చోటనో వాఙ్మూలము తీసికొనవలయును. సాధ్యమైనంతవఱకు సబ్ఇన్‌స్పెక్టరునకు తక్కువగాని స్త్రీయే తీసికొనవలయును. ఆమె యూనిఫారముతో నుండరాదు. రాత్రివేళ బిడ్డను స్టేషనులో నుంచరాదు. బిడ్డ నమ్మినవారు ప్రక్క నుండవలయును. ఇవి కాగితముపై చక్కని నియమములే. కాని యూనిఫారము విడిచినంతమాత్రాన ప్రశ్నించు తీరు మాఱునా? "ఫలానావాడు నిన్ను గదిలోనికి తీసికొనిపోయినాడు గదా?" యని అడిగిన బిడ్డ తల యూపును. ఆ తల యూపును కోర్టులో ప్రతివాది వకీలు "ఇది పోలీసువారు నేర్పిన మాట" యని యెగురగొట్టును. "ఏమి జరిగినదో నీకు తోచినట్లు చెప్పు తల్లీ" యని యడిగి ఓపికతో కూర్చున్నచో బిడ్డ మాట బిడ్డదిగానే నిలుచును. బడిలో ఒకరు, స్టేషనులో ఒకరు, ఆసుపత్రిలో ఒకరు, కోర్టులో ఒకరు అదే కథను మఱల మఱల చెప్పించినచో మాట మాఱుట సహజము; గాయము ప్రతిసారియు రేగును. ఈ ప్రశ్నించు విద్య పుట్టుకతో వచ్చునది గాదు. అభ్యాసముచే వచ్చునది.

డాక్టర్ల విషయమును అంతియే. శరీరమున గాయము కానరానంతమాత్రాన అత్యాచారము జరుగలేదనరాదని 2014లో కేంద్ర ఆరోగ్యశాఖవారు వెలువరించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. హేయమైన రెండువ్రేళ్ల పరీక్షను సుప్రీముకోర్టు 2022 అక్టోబరులో మఱల గట్టిగా ఖండించి, వైద్యకళాశాలల పాఠ్యక్రమమును సరిచూడవలెననియు, వైద్యసిబ్బందికి శిక్షణము నీయవలెననియు ఆజ్ఞాపించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో ఇంకొక తీర్పు: గర్భస్రావము కోరివచ్చిన మైనరు బాలికయు సంరక్షకులును కోరినచో, డాక్టరు పోలీసులకు పంపు సమాచారమున బాలిక పేరును గుర్తులును తెలుపనక్కఱ లేదు. ఈ తీర్పు నెఱుగని డాక్టరు బాలికను వెనుకకు పంపును. ఆమె నాటువైద్యుని పాలగును. ఒక తీర్పు తెలియకపోవుటచే ఒక ప్రాణము పోవచ్చును.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. సీతంపేట, పార్వతీపురము కొండలలోని బిడ్డకు సవరయో, కువియో తల్లిభాష. వాఙ్మూలము తెలుగున వ్రాయబడును; బిడ్డ భయమున చెప్పిన మాట వ్రాయువానికి తెలియదు. అర్హుడైన దుబాసీని పిలిపించుకొనవచ్చునని చట్టము 26వ, 38వ సెక్షనులలో చెప్పుచున్నది. ఆ దుబాసీ ఎక్కడ? శ్రీకాకుళ సీమ బిడ్డడు గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి సవరభాష నేర్చి, ఆ భాషకు 1931లో వ్యాకరణ గ్రంథమును 1938లో నిఘంటువును ప్రకటించిరి. ఒక్క మనుష్యు డంత చేసిన సీమలో, ఇంత ప్రభుత్వము పదిమంది సవర స్త్రీలను దుబాసీలుగా తీర్చలేదా?

శిక్షణ మీయుట ప్రభుత్వము దయతలచి చేయు పని గాదు. పోక్సో 43వ సెక్షను పోలీసులతో సహా సంబంధించిన యుద్యోగులకెల్ల నియతకాలములందు శిక్షణ మీయవలెనని శాసించుచున్నది. బాలల న్యాయచట్టము 107వ సెక్షను ప్రతి పోలీసుస్టేషనులోను శిక్షణము పొందిన బాలసంక్షేమాధికారి యొకరుండవలె ననుచున్నది. 2020 నాటి నిబంధనలు పిల్లలతో మెలగు సంస్థల సిబ్బందికి గూడ ఈ శిక్షణమును విధించినవి. విచారణకాలమంతయు బిడ్డకు తోడుండు సహాయకవ్యక్తిని గూర్చి సుప్రీముకోర్టు 2023 ఆగస్టులో ప్రత్యేకముగా ఉత్తరువు లిచ్చినది. ఇన్ని విధు లుండగా, అడుగుట మన హక్కు.

దీనికి రెండాక్షేపణలు వినబడుచున్నవి. దుర్మార్గులకు కఠినశిక్ష వేసిన చాలునని మొదటివారు. 2019లో చట్టమును సవరించి ఘోరనేరములకు ఉరిశిక్ష వఱకు పెంచిరి. మంచిదే. కాని మొదటి వాఙ్మూలము చెడిన కేసులో ఎంతటి శిక్షయైనను పుస్తకమునందే యుండును. పైగా దోషి మేనమామయో, పినతండ్రియో అయినచో ఉరిమాట విని ఇంటివారు బిడ్డ నోరు మూయింతురు. శిక్షణములన్నియు టీ త్రాగి, సంతకము పెట్టి, బత్తెము పుచ్చుకొని వచ్చుటకే యని రెండవవారు. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. ఉపన్యాసము విన్నందున ఈత రాదు, నీటిలో దిగవలయును. కావున శిక్షణము ప్రశ్నించుటలో అభ్యాసముగా నుండవలయును. పిదప పరీక్ష యుండవలయును. బదిలీపై క్రొత్తగా వచ్చినవారికి పనిలో చేరిన వెంటనే జరుగవలయును. వంకరయైనదానిని సరిచేయుదురు గాని మానివేయరు గదా.

సాధనములు మన చెంతనే గలవు. విజయనగరమున పోలీసు శిక్షణ కళాశాల యున్నది. శ్రీకాకుళమునందును విజయనగరమునందును ప్రభుత్వ వైద్యకళాశాలలు నడచుచున్నవి. విజయనగరమునను వమరవల్లిలోను ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు గలవు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు సాంఘికసేవా శాఖయు, సబ్బవరమున దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయమును గలవు. బెంగుళూరు నిమ్హాన్స్ వారు కేంద్రప్రభుత్వ సహాయమున 2020నుండి "సంవాద్" పేర ఇట్టి పాఠములనే బోధించుచున్నారు. వీనినన్నిటి నొక్క త్రాట కూర్చి, శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము మన్యము మూడు జిల్లాల పంతులు, నర్సు, డాక్టరు, సబ్ఇన్‌స్పెక్టరు, బాలల సంక్షేమ సమితి సభ్యుడు ఏటేట ఒక వారము ఒకే పందిరి క్రింద కూర్చుండి నేర్చుకొనునట్లు ఏర్పాటు చేయవలయునని మా సూచన. ఒకరి ముఖ మొకరెఱిగినచో బిడ్డను ఒక గుమ్మమునుండి మఱియొక గుమ్మమునకు త్రిప్పుట తగ్గును.

ఇది గొంతెమ్మ కోర్కె గాదు. అమెరికాలో హంట్స్‌విల్ నగరమున 1985లోను, ఐస్‌లాండు దేశమున 1998లోను బిడ్డ చెంతకే పోలీసు, డాక్టరు, వకీలు వచ్చునట్లు గృహము లేర్పడినవి. మన హైదరాబాదులో 2016లో పోలీసువారు "భరోసా" కేంద్రమును తెఱచిరి. నాగావళీ తీరమున నట్టిది చేయరానిదేమి? ఒక మాట గూడ చేర్చవలయును. దినదినము ఇట్టి కథలు వినువారి మనస్సును గాయపడును. వారికి విశ్రాంతియు, ఆలోచన చెప్పు పెద్దదిక్కును లేకున్న, కొన్నాళ్లకు వారు వినుట మానుదురు.

పత్రికలవారికిని ఈ పాఠము కావలయును. బిడ్డ పేరు, ఊరు, బడి, బంధువులు తెలియునట్లు వ్రాయుట 23వ సెక్షను ప్రకారము నేరము. వీథిపేరు వ్రాసి బిడ్డ పేరు దాచితిమని సంతోషించుట ఆత్మవంచన.

గ్రంథాలయములలో ఈ పత్రిక చదువు సోదరులు చేయదగిన పని గలదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము ఒక కాగితము వ్రాయుడు: మా జిల్లాలో బాలసంక్షేమ పోలీసు అధికారు లెందఱు, శిక్షణము పొందినవా రెందఱు, ఎన్ని దినములు, ఎవరిచే, సవర దుబాసీల జాబితా యేది? వచ్చిన జవాబును జిల్లా పరిషత్ సభ్యుని చేతికిచ్చి సభలో చదివింపుడు. మీ యూరి బడిగోడపై 1098 అను సంఖ్య పెద్దయక్షరములతో నున్నదో లేదో రేపే చూచిరండు. లేకున్న మీరే వ్రాయింపుడు. ఆ సంఖ్యకు పిలిచిన బిడ్డ మాటను విని తెలిసికొను మనుష్యుని సిద్ధపఱచుట ప్రభుత్వము వంతు. ఆ వంతు తీఱు వఱకు అడుగుట మానకుడు.