ఇంజను దింపడం

మన భాషలో ‘దింపడం’ అనే మాటకు చాకిరీ ఎక్కువ. పొయ్యిమీది అన్నం దింపుతాం. నెత్తిమీది మూట దింపుతాం. బస్సువాడు మనల్ని ఊరవతల దింపుతాడు. వీటన్నింటిలోనూ పైనున్నది కిందికి వస్తుంది కనుక ఎవరికీ పేచీ లేదు. కాని బెజవాడ ఆటోనగర్‌లో ‘ఇంజను దింపుతున్నాం’ అన్నారంటే, బండిలో అడుగున కూర్చున్న ఇంజనుకు గొలుసు కట్టి పైకి లేపుతున్నారని అర్థం. ఇరవయ్యేళ్లుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్న నాకు 2024 ఏప్రిల్ దాకా ఈ సంగతి తెలియదు. తెలియజేసిన పుణ్యం మా బావమరిదిది.

అతనికి ఒక పికప్ బండి వుంది. వేసవిలో నూజివీడు తోటల నుంచి మామిడికాయలు నున్న మార్కెట్టుకు చేరవేస్తాడు. తక్కిన రోజుల్లో ఇటుకలు మొదలుకొని పెళ్లివారి సామాను దాకా ఏదైనా సరే. బండి సెకండుహాండుది. వాయిదాల మీద కొన్నది. ప్రతి నెలా 5వ తేదీ దగ్గరపడుతున్నదీ లేనిదీ అతని ముఖం చూస్తే చాలు, క్యాలెండరు చూడనక్కరలేదు.

ఆ రోజు కాయల లోడుతో వస్తూండగా దారిలో రేడియేటరు గొట్టం పగిలింది. వేడి చూపించే ముల్లు పైకి లేచింది. ‘మార్కెట్టు దాకా పోతే చాలు’ అనుకున్నాడు. కాసేపటికి ముల్లు తనంతట తానే కిందికి దిగింది. ‘చల్లబడింది కాబోలు’ అని సంతోషించాడు కూడా! అసలు సంగతేమిటంటే, ఆ ముల్లుకు కబురు పంపే పరికరం నీళ్లలో మునిగి వుండాలి. నీళ్లే కారిపోయాక అది పంపే కబురు నమ్మడానికి వీల్లేదు. నాలుగు కిలోమీటర్లు పోయేసరికి ఇంజను పట్టేసింది. పిస్టన్లేమో అల్యూమినియంవి, అవి ఆడే బోరేమో పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బిన పిస్టను బోరును గీరుకుని అక్కడే బిగుసుకుంది.

బండిని తాడుకట్టి ఆటోనగర్‌కు లాక్కువచ్చారు. మర్నాడు ఆదివారం.

“మీరు వెళ్లి వాడి పక్కన నుంచోండి. ఒక్కడూ బెంగపడతాడు” అంది మా ఆవిడ.

“ఇంజన్ల సంగతి నాకేం తెలుసే?” అన్నాను.

“తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లు సలహాలు చెబుతారు.”

షెడ్డు మేస్త్రీగారికి అరవయ్యేళ్లుంటాయి. ఇంజను దింపడమంటే గొలుసు వేసి లాగడమే అనుకుని వెళ్లాను. మూడు గంటలు గడిచినా గొలుసు ఊసే లేదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించారు, ఎక్కడా నిప్పురవ్వ పుట్టకుండా. తరువాత బానెట్టు. అతుకుల చుట్టూ సుద్దతో గీతలు గీస్తే మళ్లీ బిగించేటప్పుడు సరిగ్గా అక్కడే కూర్చుంటుందట. నాకు చేతనైన పని అదొక్కటే కనిపించి, సుద్దముక్క నేను పుచ్చుకున్నాను.

రేడియేటరులో మిగిలిన రంగునీళ్లు బేసినులోకి పట్టి, ఆ బేసిను బల్లమీదికి ఎక్కించారు.

“అంత భద్రంగా దాస్తున్నారేం?” అన్నాను.

“దాచడం కాదు మాస్టారూ. తియ్యగా వుంటుందని కుక్కలు నాకుతాయి. అది విషం” అన్నారాయన.

ఇంజనాయిలు వొంపేశారు. రేడియేటరు, ఫ్యాను బయటికి వచ్చాయి. డీజిలు గొట్టాలు విప్పి, దుమ్ము పోకుండా మూతులకు మూతలు పెట్టారు. ఒక్కొక్క తీగ ఊడదీసే ముందు షెడ్డు కుర్రాడు సెల్‌ఫోనుతో ఫొటో తీసి, తీగకు చీటీ కట్టాడు. సైలెన్సరు గొట్టం విడిపోయింది, స్టార్టరు విడిపోయింది. గేరుబాక్సు కింద జాకీ పెట్టి, దాన్నీ ఇంజనునూ కలిపిన బోల్టులు విప్పారు. చివరికి ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మల బోల్టులు కూడా విప్పి, అప్పుడు తగిలించారు గొలుసు.

ఇంజను 200 కిలోల దాకా వుంటుందట. గొలుసు బిగిసింది, ఇంజను అంగుళం లేచింది. అంతే, ఇక కదలనంది. మా బావమరిది ఆగలేక దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. నేనూ ఊరుకోలేదు. సాయం పడదామని కిందికి చెయ్యి పోనిచ్చాను.

“చెయ్యి తియ్యండి!”

మేస్త్రీగారు అరిచిన అరుపుకు పక్క షెడ్డువాళ్లు కూడా పని ఆపేశారు. నా చెయ్యి బయటికి వచ్చాక ఆయన మామూలు గొంతుతోనే అన్నారు. “వేలాడే బరువు కింద చెయ్యి పెట్టకూడదు మాస్టారూ. గొలుసు మీద నమ్మకం వున్నా సరే.” తరువాత మా బావమరిది వైపు తిరిగారు. “రావడం లేదంటే ఎక్కడో పట్టుకుని వుందన్న మాట. బలం పెట్టకు బాబూ. వెతుకు.”

గొలుసు వదులు చేయించి బరువును మళ్లీ దిమ్మల మీదికి చేర్చారు. గేరుబాక్సు నుంచి వచ్చే ఇరుసు క్లచ్చిపళ్లెంలో దూరి వుంటుంది. ఇంజనును తిన్నగా ముందుకు జరిపి దాన్ని విడిపించాకే పైకి ఎత్తాలి. ఒక్క బోల్టు మిగిలివుండగా మొండికి లాగితే ఇరుసో, పళ్లెమో వంకరపోతుంది. అప్పుడు ఒక ఖర్చుకు రెండు ఖర్చులు.

కుర్రాడు బండి కిందికి దూరి చేత్తో తడమడం మొదలుపెట్టాడు. మేమిద్దరం బయట బల్లమీద కూర్చున్నాం. టీ వచ్చింది. మా బావమరిది తాగలేదు.

“ముల్లు లేచినప్పుడే ఆపాల్సింది బావగారూ” అన్నాడు.

“కాయలు పాడవుతాయనుకున్నావు కదా!”

“కాయలు కాదు.” కాసేపు మాట్లాడలేదు. “రెండు వాయిదాలు కట్టలేక అమ్మ గొలుసు తాకట్టు పెట్టాను. ఈ సీజనులో విడిపిస్తానన్నాను. ఒక్క ట్రిప్పు కూడా పోగొట్టుకోకూడదనుకున్నాను. అక్కయ్యతో చెప్పకండి.”

ఏం చెప్పాలో నాకు తోచలేదు. తెలుగు మేస్టర్లకు మాటలు తడుముకునే పని వుండదని లోకం అనుకుంటుంది. ఇంతలో “దొరికింది!” అని లోపలి నుంచి కేక. గేరుబాక్సు నెత్తిన, కంటికి ఆనకుండా, మడ్డిలో కూరుకుపోయిన బోల్టు. పొడుగు పానా వేసి విప్పాడు కుర్రాడు. ఈసారి ఎవరూ ఊపలేదు. నాలుగు వేళ్లతో తోస్తే ఇంజను ముందుకు జరిగింది, గొలుసు లాగితే బుద్ధిగా లేచివచ్చింది.

మర్నాడు ఇంజను ఊడదీసి చూశారు. రెండు బోర్లకు గీతలు పడ్డాయి, క్రాంకు మాత్రం బాగానే వుంది. వేరే ఇంజను కొనే గండం తప్పింది. లేతు షాపులో బోర్లు కోయించి, ఒక సైజు పెద్ద పిస్టన్లు వేయించారు. పన్నెండో రోజుకు బండి రోడ్డెక్కింది. సీజను ఇంకా మిగిలే వుంది.

చెప్పవద్దన్న సంగతి నేను చెప్పలేదు. వారం రోజుల తరువాత అతనే వచ్చి వంటింటి గుమ్మంలో నుంచుని వాళ్ల అక్కయ్యతో చెప్పుకున్నాడు. ఆవిడ చారు దింపి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మ మెడ బోసిగా వుంటే నాకు కనిపించదనుకున్నావుట్రా? నువ్వే చెబుతావని చూస్తున్నాను.”

ఆ గొలుసు విడిపించడానికి నా జీతంలోంచి నెలనెలా కొంత పోవాలని అప్పటికప్పుడే నిర్ణయం జరిగిపోయింది. నన్నెవరూ అడగలేదు. అడిగినా కాదనేవాణ్ణి కాను.

బండి వున్న పాఠకులకు ఒక్క మాట. ముల్లు పైకి లేచిందా, బండి పక్కకు తీసి ఆపండి. వేడిమీద రేడియేటరు మూత తీయకండి. కారణం లేకుండా ముల్లు దిగిందా, ఇంకా ముందుగా ఆపండి.

మేస్త్రీగారి బిల్లు నా దగ్గరే వుంది. ‘ఇంజను దింపి, ఎక్కించినందుకు’ అని రాశారు. ఎక్కించడమంటే ఏమిటనుకున్నారు? అదే గొలుసు కట్టి ఇంజనును కిందికి దించడం! భాష విషయమై ఆయనతో వాదం పెట్టుకోలేదు. బిల్లు మాత్రం న్యాయంగానే వుంది.