పగిలిన అద్దం పిల్లవాడికి కనబడాలి

2023 మార్చి చివర్లో దక్షిణ మధ్య రైల్వే ఒక ప్రకటన విడుదల చేసింది. ఆ జనవరి నుంచి వందే భారత్ రైళ్ల మీద తొమ్మిది సార్లు రాళ్లు పడ్డాయని, 39 మందిని పట్టుకున్నామని, రైల్వే చట్టం 153వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడుతుందని అందులో హెచ్చరించింది. రాళ్లు పడ్డ చోట్లలో కాజీపేట–భువనగిరి మధ్య దారి కూడా ఉంది. భువనగిరి 2016 దాకా మన నల్లగొండ జిల్లాయే. ఇలాంటి వార్త వింటే మనం మామూలుగా ‘ఆకతాయిల పని’ అనేస్తాం. ప్రకటన లోపల పట్టించుకోవలసిన ఇంకో మాట ఉంది. చాలా ఘటనల్లో దొరికినవాళ్లు ఆరు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలట.

ఆరేళ్లంటే ఒకటో తరగతి. పలక మీద అక్షరాలు ఇంకా కుదురుగా కూర్చోని వయసు. ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదని మన పాత శిక్షాస్మృతి మొదటినుంచీ చెబుతూ వచ్చింది. దాని స్థానంలో 2024 జులైలో వచ్చిన కొత్త న్యాయ సంహితా అదే చెప్పింది. అలాంటి పిల్లవాడి ముందు 153వ సెక్షన్ చదివి ఏం లాభం?

ఆ ప్రకటన తరువాత మన నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల మీదుగానూ ఆ రైళ్లు వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో తిరుపతి వందే భారత్ నల్లగొండ మీదుగా మొదలైంది, సెప్టెంబరులో కాచిగూడ నుంచి బెంగళూరు వెళ్లేది మహబూబ్‌నగర్ మీదుగా మొదలైంది. నీళ్లకు కరువు పడిన ఈ సీమలో రాళ్లకు ఎన్నడూ కరువు లేదు. పట్టాల కింద పోసిన కంకర సరిగ్గా పిల్లవాడి గుప్పిట్లో పట్టేటంత ఉంటుంది. బడి లేని మధ్యాహ్నం, మేకలు తమ పాటికి మేస్తున్నాయి, తోడుగా ఇద్దరు దోస్తులు. తెల్లటి రైలు తళతళమంటూ వస్తోంది. ‘తగుల్తదా, తగలదా?’ అని పందెం. ఆ పిల్లవాడికి తెలిసింది అంతే. రైలు లోపల మనుషులున్నారన్న సంగతి ఆ క్షణాన వాడి పందెంలో లేదు.

నా వాదన ఈ చివరి మాట చుట్టూనే.

పిల్లల కొంటె పనులు మనకు కొత్త కాదు. మన దగ్గర కాముని పున్నమ ముందు పోరలు ఇంటింటికీ తిరిగి జాజిరి ఆడి పైసలు అడిగేవారు, కాముని దహనానికి రాత్రిళ్లు కట్టెలూ పిడకలూ ఎత్తుకుపోయేవారు. పెద్దలకు ఇదంతా తెలుసు. తెల్లారితే వాకిట్లో పాత తలుపు మాయమైన ముసలమ్మ నేరుగా పిల్లవాడి ఇంటి ముందుకు వచ్చి నిలబడేది. ‘ఎవ్వరి కొడుకువురా నువ్వు?’ అని ఊరంతా వినేలా అడిగేది. ఆమె ఏడుపు, కోపం, తిట్లు అన్నీ ఆ పిల్లవాడు కళ్లారా చూసేవాడు, చెవులారా వినేవాడు. చేసిన పని సాయంత్రానికో మర్నాటికో తిరిగి వాడి గడపకే వచ్చేది. మామిడికాయల దొంగతనమైనా, గులేరుతో పగలగొట్టిన కుండైనా అంతే.

పాత రోజులను పొగడడానికి ఇది చెప్పడం లేదు. ఆ ఊళ్లలో దొర కొడుకు చేస్తే చిలిపి, జీతగాడి కొడుకు చేస్తే దొంగతనం. దెబ్బలు కూడా ఆ లెక్క ప్రకారమే పడేవి. ఆ లెక్క ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు. పట్టాల పక్క గుడిసెలో పిల్లవాడు రాయి వేస్తే ఆకతాయి అంటాం. అపార్టుమెంటులో పిల్లవాడు వాచ్‌మన్ నడకను వెక్కిరిస్తూ వీడియో తీస్తే ‘మావాడు చాలా షార్ప్’ అంటాం. రెండో పిల్లవాడికి ఏ రైల్వే పోలీసూ కౌన్సెలింగు ఇవ్వడు.

అయినా ఆ పాత ఊళ్లో ఒక సౌకర్యం మాత్రం ఉండేది. నష్టపోయిన మనిషి ముఖం కనబడేది. రైలు ఆ సౌకర్యాన్ని తీసేసింది. రాయి తగిలిన మరుక్షణం అద్దం, అద్దం వెనక మనిషి, ఆ మనిషి కంట్లో పడ్డ గాజు పెంకు అన్నీ కిలోమీటర్ల దూరం వెళ్లిపోతాయి. పిల్లవాడికి మిగిలేది ‘ఫట్’మన్న చప్పుడు, దోస్తుల చప్పట్లు.

స్విట్జర్లాండు మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే 1932లో పిల్లల నీతి గురించి ఒక పుస్తకం రాశాడు. ఆయన పిల్లలకు రెండు చిన్న కథలు చెప్పి ఎవరిది పెద్ద తప్పో అడిగేవాడు. ఒక పిల్లవాడు తెలియక తలుపు తోస్తే దాని వెనకున్న పదిహేను కప్పులు పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జామ్ దొంగిలించబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. చిన్నపిల్లల్లో ఎక్కువమంది పదిహేను కప్పులవాడిదే పెద్ద తప్పన్నారు. ఆ వయసులో ఉద్దేశం కంటే కళ్ల ముందున్న పెంకుల కుప్పే తప్పుకు కొలత. మరి పెంకులే కనబడకపోతే? ఆ పిల్లవాడి లెక్కలో తప్పే జరగలేదు. రైలు మీద రాయి వేసినవాడు కఠినాత్ముడు అయి ఉండనక్కర్లేదు. వాడికి కుప్ప కనబడలేదు, అంతే.

అన్ని రాళ్లూ సరదా రాళ్లు కావన్నదీ నిజమే. 2023 జులైలో అయోధ్య దగ్గర ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు వందే భారత్ మీద రాళ్లు వేశారు. అంతకుముందు ఆ రైలు కింద పడి వాళ్ల మేకలు చచ్చాయి. గొర్లూ మేకలూ పట్టాలు దాటే పాలమూరులో ఆ కోపం అర్థం కానిదేమీ కాదు. అది వేరే లెక్క, వేరేగా తేల్చవలసింది. ఇక్కడ మాట్లాడుతున్నది ఏ కోపమూ లేని రాయి గురించి.

ఆ రాయి ఎంత పని చేస్తుందో తొమ్మిదో తరగతి లెక్కతో చెప్పవచ్చు. రైలు గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే సెకనుకు 30 మీటర్ల పైమాటే. పిల్లవాడు బలంగా విసరనక్కర్లేదు, ఊరికే గాలిలోకి ఎగరేసినా చాలు. ముందు అద్దానికి ఆ రాయి తగిలే వేగం, దాదాపు పదిహేను అంతస్తుల మేడ మీంచి జారవిడిచిన రాయి నేలను తాకే వేగంతో సమానం. ‘మెల్లగనే ఏసిన సారూ’ అని పిల్లవాడు చెప్పేది అబద్ధం కాదు. వేగం వాడిది కాదు, రైలుది. ఈ సంగతి మన భౌతికశాస్త్రం పుస్తకాల్లో సాపేక్ష వేగం పేరుతో ఉంది. పట్టాల పక్క బడిలో కూడా దాన్ని ఏదో ఊళ్లో ఎదురెదురుగా వచ్చే రెండు కార్లతోనే చెబుతారు.

ఇంకొకటి. వందే భారత్‌కు మూసిన అద్దాలైనా ఉన్నాయి. అదే పట్టాల మీద వెళ్లే మామూలు రైళ్ల జనరల్ బోగీకి ఇనుప చువ్వలే దిక్కు. ఆ కిటికీ పక్కన కూర్చునేది ఎవరు? పొట్ట చేతపట్టుకుని ముంబై, పుణె, బెంగళూరు పోయే పాలమూరు కూలీ, ఒళ్లో బిడ్డను పడుకోబెట్టుకున్న ఆయన భార్య. దేవరకద్ర దగ్గర ఒక పిల్లవాడు విసిరిన రాయి వాడి మేనమామకే తగలవచ్చు. ఇది కల్పన కాదు, ఆ బోగీల్లో ఎవరుంటారో తెలిసినవాళ్లు చెప్పే మాట.

మరి మనం ఏం నేర్పుతున్నాం? ‘పోలీసొస్తడు, పట్కపోతడు’ అని. అన్నం తినకపోయినా పోలీసే, రాయి వేసినా పోలీసే. దాంతో పిల్లవాడు నేర్చుకునేది దొరక్కుండా ఉండడం. చింతచెట్టు చాటు నుంచి వేస్తే కనబడమని, వేసిన వెంటనే చేన్లో పడి ఉరకాలని నేర్చుకుంటాడు. భయం వాడి చూపును తన వైపే తిప్పుతుంది: నాకేమవుతుంది? రాయి తగిలినవాళ్లకు ఏమైంది అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు.

భయపెట్టడంలో తెల్లదొరలు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. 1890 నాటి రైల్వే చట్టంలో 130వ సెక్షన్ పన్నెండేళ్ల లోపు పిల్లల కోసమే రాశారు. రైలు ప్రయాణికులకు ముప్పు తెచ్చే పని చేస్తే, పసితనం మినహాయింపులు పక్కనపెట్టి నేరస్తుడిగా లెక్కగట్టవచ్చు. మగపిల్లవాడైతే కొరడా దెబ్బలు కొట్టించవచ్చు. లేదంటే, మళ్లీ ఇలా చేయకుండా చూస్తానని తండ్రి చేత పూచీకత్తు రాయించుకోవచ్చు. అంటే ఆ రోజుల్లోనూ పిల్లలు రైళ్లతో చెలగాటమాడేవాళ్లన్నమాట. కొరడా చట్టం పోయింది, పిల్లలు మారలేదు.

ఈ విషయంలో మన పాలమూరు గడ్డ మీది కవి ఒకరు గుర్తుకొస్తారు. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి కాకతీయుల సామంత వంశంవాడు. ఆ గోనవారి రాజధాని వర్ధమానపురం, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా నంది వడ్డెమాన్. వాల్మీకంలో లేని ఒక ముచ్చట ఆ ద్విపద కావ్యంలో ఉంది. చిన్ని రాముడు కర్రతో బంతి ఆడుతున్నాడు. మంథర వచ్చి బంతిని దూరంగా కొట్టింది. రాముడికి కోపం వచ్చి కర్రతో మోకాలి మీద వేస్తే ఆమె కాలు విరిగింది. కైక వెళ్లి దశరథుడికి చెప్పింది. పిల్లలకు చదువు చెప్పించే వేళ అయిందని రాజు అనుకున్నాడు.

ఏడు వందల ఏళ్ల కిందటి కవి ఊహలో కూడా, పిల్లవాడి దుడుకు పనికి మందు కొరడా కాదు, బడి. ఇది నాకు నచ్చుతుంది. కానీ కథ అక్కడితో ఆగదు. రాముడికి చదువు దక్కింది, మంథరకు విరిగిన కాలు మిగిలింది, దాంతోపాటు కక్షా మిగిలింది. ఆ కక్ష ఎంత దూరం పోయిందో చెప్పనక్కర్లేదు. భారతంలోనూ ఇదే వరస. కౌరవులు ఎక్కిన చెట్లను కుదిపి భీముడు వాళ్లను కాయల్లా రాల్చేవాడు. అది పిల్లతనమే తప్ప ద్రోహబుద్ధి కాదని వ్యాసుడే చెబుతాడు. కింద పడ్డ దుర్యోధనుడికి ఆ తేడా అక్కర్లేకపోయింది. మన పెద్దలు పిల్లవాడి మనసును చూశారు, సరే. దెబ్బ తిన్నవాడి దగ్గరికి వాణ్ని తీసుకెళ్లడం మాత్రం మరిచారు.

ఆ పని ఇప్పుడు మనం చేయవచ్చు. చట్టం కూడా అడ్డు రాదు. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లవాణ్ని మందలించి పంపవచ్చు, కౌన్సెలింగుకు పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, తల్లిదండ్రులకు జరిమానా వేయవచ్చు. వీటిలో జరిమానా మీద నాకు నమ్మకం తక్కువ. పశువు చేన్లో పడితే బందెలదొడ్డికి తోలేవారు, యజమాని పైసలు కట్టి విడిపించుకునేవాడు. పశువుకు ఏం తెలిసింది? మర్నాడు మళ్లీ అదే చేను. తండ్రి జేబులోంచి పోయిన దండుగ పిల్లవాడికి చెప్పేది కూడా అంతే. ఇంటికి పోయాక ఆ తండ్రి బెల్టు తీస్తే, అది నేర్పేది ఇంకా తక్కువ.

నలుగురిలో నిలబెట్టి ముక్కు నేలకు రాయించడం కూడా ఈ కోవలోదే. అక్కడ పిల్లవాడికి తన అవమానమే కనబడుతుంది, ఎదుటివాడి గాయం కనబడదు. ఆరేళ్లవాడికి ఉపన్యాసాలు అక్కర్లేదు. విరిగినదాన్ని చూపించాలి, ముట్టుకోనివ్వాలి, ‘అవతల ఎవరున్నరు బిడ్డా?’ అని ఒక్క ప్రశ్న అడగాలి, వాడి జవాబు కోసం ఆగాలి. పదేళ్లవాడైతే బాగు చేయడంలో చెయ్యి కలిపించాలి. పద్నాలుగేళ్లవాడికి లెక్క మొత్తం చెప్పాలి, చట్టంతో సహా.

రైలు దాకా పోనక్కర్లేని సందర్భాలు ఇంట్లోనే బోలెడు. అమ్మ ఫోన్ తీసుకుని 108కి కొట్టి నవ్వి పెట్టేసే పిల్లలున్నారు. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవ ఎన్ని తండాల్లో ఎందరు బాలింతలను కాపాడిందో మన జిల్లాలవాళ్లకు వేరే చెప్పాలా? ఆ నవ్వు సాగినంతసేపు ఫోన్ తీసినవాళ్లు ఇంకొకరి ఫోన్ తీయలేరు. ఈ మాట పిల్లలకు చెప్పి చూడండి. అచ్చంపేట అడవిలో ఒక అక్క నొప్పులు పడుతోందని చెబితే అర్థం చేసుకోని పిల్లవాడు ఉండడు.

రైల్వే పోలీసులు పట్టాల పక్క ఊళ్లలో ప్రచారం చేస్తున్నారు. సర్పంచులను గ్రామ మిత్రలుగా కలుపుకున్నామని కూడా ఆ 2023 ప్రకటనలోనే చెప్పారు. మంచిదే. అయితే యూనిఫారం వేసుకున్న మనిషి వచ్చి ఐదేళ్ల జైలు గురించి చెబితే, అది మళ్లీ ‘పోలీసొస్తడు’ పాఠమే అవుతుంది. ఆయన బదులు రైలు నడిపే లోకో పైలట్‌ను పంపండి. ఎదురుగా రాయి వస్తున్నప్పుడు పక్కకు తప్పుకోలేని ఉద్యోగం తనదని ఆయన చెప్పాలి.

బీబీనగర్ నుంచి విష్ణుపురం దాకా, షాద్‌నగర్ నుంచి గద్వాల దాకా పట్టాల పక్కనున్న బడుల హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. దగ్గరి స్టేషన్ మాస్టర్‌కు ఒక ఉత్తరం రాసి, రాయి తగిలి పగిలిన కిటికీ అద్దం ఒకటి అడగండి. ఇస్తే తరగతిలో గోడకు ఆనించి పెట్టండి. సాపేక్ష వేగం పాఠం ఆ రోజు దాని ముందు చెప్పండి. వీలైతే అదే వారంలో పిల్లలను ప్యాసింజర్ బండి ఎక్కించి రెండు స్టేషన్ల దూరం తీసుకెళ్లండి, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. రైల్వే అధికారులు ఆ టికెట్ డబ్బులు అడగకుండా ఉంటే బాగుంటుంది.