ఇత్తడి బిళ్ళ తెచ్చిన తంటా

నాన్నగారి అంబాసిడర్ ఇంజను బోరు చేయించి నెల తిరక్కుండానే బేరింగులు పోయాయి. గాజువాక ఆటోనగర్లో మళ్ళీ విప్పిస్తే తేలిందేంటంటే, బ్లాకు కడిగినప్పుడు ఆయిలు దారుల చివరుండే ప్లగ్గులు ఎవరూ తియ్యలేదు. బోరు కొట్టిన ఇనుప రజనంతా వాటి వెనక తిష్ఠ వేసి, తీరిగ్గా నూనెతో పాటు బేరింగుల్లోకి చేరింది.

"అవి కొట్టి బిగించిన ఇత్తడి బిళ్ళలు బాబూ, తీస్తే పాడైపోతాయి" అన్నాడు మేస్త్రి. పాడైతే కొత్తవి వెయ్యాలి గానీ మురికిని లోపల దాచుకుంటామా! (మా ఆఫీసులో పాత కోడ్ ముట్టుకోవద్దనే వాళ్ళు గుర్తొచ్చారు.)

నా ఓటు థ్రెడ్ ప్లగ్గులకే. ఎప్పుడైనా విప్పుకోవచ్చు. కాకపోతే ట్యాప్ కొట్టడానికి బ్లాకులో మందం ఉండాలి, ప్లగ్గు పక్కనుంచొచ్చే దారికి అడ్డం పడకూడదు, ట్యాప్ కొట్టిన రజను మళ్ళీ కడగాలి. టేపర్ థ్రెడ్డైతే బలం చూపించకండి, పోత ఇనుము పగులుతుంది. టెఫ్లాన్ టేపు అసలొద్దు, పీలికలు ఊడి దారిలో పడతాయి. సీలెంటు పల్చగా రాస్తే చాలు.

అన్నట్టు, నీళ్ళ జాకెట్టు బిళ్ళలు వేరు. అవి కారితే చాలావరకు బయటికి కనపడుతుంది. టైమింగ్ కవరు వెనక ఆయిలు ప్లగ్గు కారితే నూనె తిరిగి సంపులోకే పోతుంది, నేల మీద చుక్క ఉండదు, ప్రెషరు మాత్రం పడిపోతుంది.

నాన్నగారు ఇప్పటికీ స్టార్ట్ చెయ్యగానే ఆయిలు ప్రెషరు ముల్లు కేసే చూస్తున్నారు.