బీవీఎస్సీ సీటొస్తే చేరాలా? ఫీజు సరే.. ముందు ఏళ్ల లెక్క చూడండి

తిరుపతి: నీట్‌ ర్యాంకు చూసుకున్నాక చాలా ఇళ్లలో నడిచే చర్చ ఒకటే. ఎంబీబీఎస్‌ కన్వీనర్‌ సీటు రాదని తేలిపోయింది. ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ అంటే ఏడాదికి రూ.12 లక్షల పైమాటే. అంత స్తోమత లేదు. మళ్లీ లాంగ్‌టర్మ్‌కి పంపాలా? బీవీఎస్సీలో చేర్పించేయాలా?

"పశువుల డాక్టరైనా డాక్టరే కదప్పా" అంటాడు మేనమామ. "ఆవులకు సూదులేసేదానికి అంత చదువెందుకు" అంటుంది ఇంకో గొంతు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ చర్చ ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే ఇంటి ముందు జెర్సీ ఆవు ఉంది, ఊళ్లోనే పాలు పోసే కేంద్రం ఉంది, తిరుపతిలో ఏకంగా వెటర్నరీ యూనివర్సిటీయే ఉంది. 1955లో మొదలైన తిరుపతి వెటర్నరీ కాలేజీ ఇప్పుడు 2005లో ఏర్పాటైన శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కాలేజీలు కూడా దీని కిందివే.

మా అంచనా ముందే చెప్పేస్తాం. ఈ డిగ్రీ ఫీజుతో ఖరీదైనది కాదు, ఏళ్లతో ఖరీదైనది. ఆ ఏళ్లు తిరిగొస్తాయా లేదా అన్నది చదివిన చదువు కన్నా, ఎక్కడ ప్రాక్టీసు పెడతారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

ముందు కోర్సు పేరు సరిగ్గా చూడండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బీవీఎస్సీ అండ్‌ ఏహెచ్‌ వేరు. బీఎస్సీ జువాలజీ వేరు. యానిమల్‌ హజ్బెండరీ డిప్లొమా వేరు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్టరైన బీవీఎస్సీ వాళ్లే సొంతంగా పశువైద్యం చేయాలి. బీఎస్సీలో జంతువుల గురించి ఎంత చదివినా చేతికి ఆ రిజిస్ట్రేషన్‌ రాదు. ఎమ్మెస్సీ, పరిశోధన, టీచింగ్‌ వైపు వెళ్లే ఆలోచన ఉంటే అది మంచి దారే. ఏర్పేడు దగ్గరున్న ఐసర్‌ తిరుపతి కూడా ఆ దారిలోనే ఉంది. "జంతువుల కోర్సు" అని చెప్పి సీటు అంటగట్టేవాళ్లని మాత్రం ఒకటే అడగండి, వెటర్నరీ కౌన్సిల్‌ రిజిస్ట్రేషన్‌ వస్తుందా రాదా అని.

ఇక లెక్కలోకి వద్దాం

కోర్సు ఐదున్నరేళ్లు. నాలుగున్నరేళ్లు చదువు, చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్‌. యూనివర్సిటీ ఫీజు ప్రైవేటు మెడికల్‌ కాలేజీలతో పోల్చేంత ఉండదు. హాస్టల్‌, మెస్‌, చేతిఖర్చు కలిపి నెలకు రూ.6 వేలు అనుకుందాం. 54 నెలలకు రూ.3.24 లక్షలు.

ఇప్పుడు కనపడని ఖర్చు చూడండి. 17 ఏళ్లకు ఇంటర్‌ అయిపోయి, ఒక ఏడాది లాంగ్‌టర్మ్‌ తీసుకున్న పిల్ల బీవీఎస్సీ ముగించేసరికి ఇరవై మూడున్నర. ఇంటర్‌ అవగానే బీటెక్‌లో చేరిన క్లాస్‌మేట్‌ 21కే బయటికొస్తాడు. అతనికి నెలకు రూ.20 వేల ఉద్యోగం దొరికిందనుకుంటే ఈ రెండున్నరేళ్లలో రూ.6 లక్షలు సంపాదిస్తాడు. అంటే ఇంట్లో అందరూ భయపడే మెస్‌ బిల్లు కన్నా ఎవరూ లెక్కెయ్యని ఈ తేడానే దాదాపు రెట్టింపు. ఎంవీఎస్సీ చేస్తే ఇంకో రెండేళ్లు. ఐకార్‌ పరీక్షలో జేఆర్‌ఎఫ్‌ తెచ్చుకున్న వాళ్లకు నెలకు రూ.12,640 వస్తుంది కాబట్టి ఇంటి మీద భారం తగ్గుతుంది. అది రానివాళ్ల సంగతి వేరు.

(ఈ లెక్క అన్ని కోర్సులకూ వేసుకోవచ్చు. మాస్‌ కమ్యూనికేషన్‌లో చేరేముందు మాకైతే ఎవరూ వేసి చూపించలేదు.)

స్టైపెండ్‌ గొడవ ఎందుకొచ్చిందంటే

2025 ఫిబ్రవరిలో తిరుపతి సహా నాలుగు కాలేజీల విద్యార్థులు సమ్మెకు దిగిన సంగతి గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఇంటర్న్‌షిప్‌ స్టైపెండ్‌ నెలకు రూ.7 వేలు. రూ.25 వేలు చేయమన్నారు. ఎంబీబీఎస్‌ హౌస్‌ సర్జన్లకు 2022 నుంచే రూ.22,527 ఇస్తున్నారు.

రూ.7 వేలంటే రోజుకు రూ.233. అదే ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.300. నాలుగున్నరేళ్లు చదివి, అర్ధరాత్రి ఈనలేక అవస్థపడే ఆవు దగ్గర నిలబడే ఇంటర్న్‌కి కూలి రేటు కూడా పడలేదన్నమాట. హౌస్‌ సర్జన్‌తో పోలిస్తే ఆ ఒక్క ఏడాదిలో తేడా రూ.1.86 లక్షలు. తర్వాత ప్రభుత్వం కొంత పెంచింది, అడిగినంత మాత్రం కాదు. ఈ డిగ్రీకి సర్కారు ఇచ్చే విలువ ఎంతో ఈ ఎపిసోడ్‌లోనే అర్థమైపోతుంది.

సర్కారు కొలువు.. వస్తే మంచిదే

వెటర్నరీ అసిస్టెంట్‌ సర్జన్‌ పోస్టు వస్తే ఇంట్లో పండగే. గెజిటెడ్‌ హోదా, మూల వేతనమే రూ.50 వేల పైన. చిక్కంతా నోటిఫికేషన్‌ ఎప్పుడొస్తుందన్న దగ్గరే. ఈలోగా దొరికేది ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్‌. 2022 మే 19న మొదటి విడతగా 175 సంచార పశువైద్య వాహనాలు రోడ్డెక్కాయి. 1962కి ఫోన్‌ చేస్తే వచ్చేవి ఇవే. బండికో డాక్టరు ఉంటారు గానీ అది రెగ్యులర్‌ పోస్టు కాదు.

ఇంకో విషయం చాలామందికి మింగుడుపడదు. పెద్ద సంఖ్యలో పోస్టులు పడింది డిగ్రీ వాళ్లకు కాదు, డిప్లొమా వాళ్లకు. 2019లో గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులు 9,886. అర్హులు సరిపడా లేక చాలా ఖాళీగా మిగిలాయి. 2023 నవంబరులో మళ్లీ 1,896కి నోటిఫికేషన్‌ ఇచ్చారు. పదో తరగతి తర్వాత పలమనేరు లాంటి చోట పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసినవాళ్లు, బీవీఎస్సీ అన్న ఇంకా హాస్టల్‌లో ఉండగానే జీతం అందుకున్నారు. అయితే వాళ్లు డాక్టర్‌ పర్యవేక్షణలో చిన్నచిన్న సేవలే చేయాలి, పైకి ఎదిగే దారి కూడా ఇరుకే. కాకపోతే ఇల్లు గడవడమే ముఖ్యమైన కుటుంబానికి ఆ దారిని తక్కువ చేసి చూడక్కర్లేదు.

ఆవులున్న చోట ఫీజు రాదు

ఇది కాస్త చేదు నిజం. మన జిల్లాలో పశువులకు కొదవ లేదు, జబ్బులకీ కొదవ లేదు. పొదుగువాపు, గాలికుంటు, ఎదకు రాకపోవడం.. డాక్టరు అవసరం ఊరూరా ఉంది. ఫీజు ఇచ్చే చేయి మాత్రం తక్కువ. ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యం ఉచితం, ఊళ్లో గోపాలమిత్ర ఉన్నాడు, సచివాలయంలో సహాయకుడున్నాడు. రెండు ఆవులున్న రైతు దాణా ఖర్చు పోను మిగిలిన దాంట్లోంచి ప్రైవేటు డాక్టరుకి ఎంతిస్తాడు? చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడ్డప్పటి నుంచి పాల రేటు ప్రైవేటు డెయిరీల చేతిలోనే ఉంది. 2023 జులైలో అమూల్‌తో పునరుద్ధరణకు భూమిపూజ చేశారు. రైతుకి లీటరు మీద మిగిలేది పెరగకపోతే పల్లె పశువైద్యుడికీ మిగలదు.

డబ్బు తిరుగుతున్నది కుక్కలు, పిల్లుల క్లినిక్కుల్లో. అంటే తిరుపతి టౌన్‌, బెంగళూరు, చెన్నై. చిత్తూరు వాళ్లకు ఈ రెండు మహానగరాలూ బస్సు దూరంలోనే ఉన్నాయి, అది నిజంగా కలిసొచ్చే అంశం. కోళ్ల కంపెనీలు, దాణా, మందులు, టీకాల కంపెనీలు కూడా వెటర్నరీ వాళ్లను తీసుకుంటాయి. వీటితో పాటు జనం పెద్దగా పట్టించుకోని పరీక్షలు కొన్నున్నాయి. బ్యాంకుల్లో అగ్రికల్చరల్‌ ఫీల్డ్‌ ఆఫీసర్‌, ఫుడ్‌ సేఫ్టీ ఆఫీసర్‌, ఆర్మీలో రిమౌంట్‌ వెటర్నరీ కోర్‌, ఇండియన్‌ ఫారెస్ట్‌ సర్వీస్‌.. అన్నిటికీ ఈ డిగ్రీ పనికొస్తుంది. ఫీల్డ్‌ ఆఫీసర్‌కి పోటీ కూడా వ్యవసాయ, అనుబంధ డిగ్రీల వాళ్ల మధ్యే.

అమెరికా ఆశ ఉన్నవాళ్లకి ఒక మాట. మన డిగ్రీతో అక్కడ నేరుగా ప్రాక్టీసు కుదరదు. విదేశీ పట్టభద్రుల అర్హత పరీక్షలు, ఆపైన నావ్లే పాసవ్వాలి. ఖర్చు లక్షల్లో, సమయం ఏళ్లలో. అక్కడ చదివినవాళ్లే సగటున లక్ష డాలర్లకు పైగా అప్పుతో బయటికొస్తున్నారు.

కాబట్టి ప్రభుత్వ సీటు చేతికొచ్చి, పిల్లకి జంతువుల దగ్గర నిలబడే ఓపిక ఉంటే మా ఓటు చేరమనే. ఎంబీబీఎస్‌ రాలేదని బాధతో చేరేవాళ్లకైతే ఐదున్నరేళ్లు చాలా పొడుగు. బయటి రాష్ట్రంలో ప్రైవేటు సీటుకి లక్షలు పోయడానికి పొలం తాకట్టు పెట్టాలంటే మాత్రం లెక్క తేలడం కష్టం. వెబ్‌ ఆప్షన్లు పెట్టేముందు ఒక పొద్దున పిల్లని దగ్గర్లోని పశువుల ఆస్పత్రికి పంపి రెండు గంటలు కూర్చోబెట్టండి. దానికి ఫీజు లేదు.