నల్ల కవర్లో ఏముంది?

మా బొల్లారం బజార్లో ఏ మెడికల్ షాపుకెళ్లినా ఇదే తంతు. దగ్గు మందు అడిగితే అట్లే చేతికిస్తారు. ప్యాడ్స్ అడిగితే మాత్రం పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, ముడేసి మరీ ఇస్తారు. మొన్న "కవరొద్దన్నా" అంటే షాపాయనే నాకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డాడు. పక్కనున్న ఆంటీ నన్ను ఎగాదిగా చూసింది.

సిగ్గు గురించి లెక్చర్ ఇవ్వట్లేదు లెండి. నా బాధ వేరే. దాచి కొన్న వస్తువుని ఎవరూ తిప్పి చూడరు. బిస్కెట్ ప్యాకెట్ వెనక పామాయిల్ ఉందేమోనని చదివే మనం, నెలకు నాలుగైదు రోజులు ఒంటికి ఆనించుకునే ప్యాడ్ ప్యాకెట్ ఎప్పుడైనా చదివామా? చదివినా దొరికేది తక్కువే. పొడవెంత, రెక్కలున్నాయా లేదా... అంతే. ఏ పొర దేంతో చేశారు, జిగురేంటి, ఆ పూల వాసన ఎక్కడిది అంటే చాలా ప్యాకెట్లు నోరు విప్పవు.

ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ మన మార్కెట్లో దొరికే 10 రకాల ప్యాడ్లను పరీక్ష చేయించి 2022 నవంబర్‌లో ఫలితాలు బయటపెట్టింది. పదింటిలోనూ థాలేట్లు, తేలిగ్గా ఆవిరయ్యే కొన్ని రసాయనాలు కనిపించాయి. 'ఆర్గానిక్' అని రాసున్నవి కూడా తప్పించుకోలేదు. థాలేట్లంటే ప్లాస్టిక్ మెత్తగా వంగడానికి కలిపేవి. వాటిలో కొన్ని మన హార్మోన్ల పనిలో వేలు పెడతాయి. అలాగని ప్యాడ్ వాడితే క్యాన్సర్ అనే వాట్సాప్ ఫార్వర్డ్‌ని నమ్మకండి. లోపల ఏమున్నాయో ఆ పరీక్ష చెప్పింది. ఫలానా జబ్బొస్తుందని నిరూపించలేదు.

భయపడక్కర్లేదు కానీ అడగాలి. బొల్లారం అంటే చాలామందికి కెమికల్సే గుర్తొస్తాయి. అది పటాన్‌చెరు వైపున్న పారిశ్రామికవాడ, మాది రాష్ట్రపతి నిలయం ఉన్న కంటోన్మెంట్ బొల్లారం. ఆ బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకెళ్లింది. ప్యాకెట్ మీద నాలుగు ముక్కలు రాయించడం అంతకంటే కష్టమా? న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే దీనికి చట్టం చేసింది. మన దగ్గర ప్యాడ్లకు ఐఎస్ 5405 అనే ప్రమాణం ఉంది, 2019లో సవరించారు. ప్యాకెట్ మీద ఐఎస్ఐ గుర్తుందో లేదో చూడటం మొదలుపెట్టండి.

సువాసన ప్యాడ్లు మాత్రం వద్దు. రక్తానికి పూల వాసన రావాల్సిన పనేంటి? కొందరికి మంట, దురద మిగిలేది దానివల్లే. 'రాత్రంతా రక్షణ' అన్నారు కదాని పగలు కూడా ఒకే ప్యాడ్‌తో కాలేజీ అంతా లాగించకండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. టాంపన్ అయితే ఎనిమిది గంటలు దాటకూడదు. 1980లో అమెరికాలో రిలై అనే టాంపన్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నది టాక్సిక్ షాక్ సిండ్రోమ్ భయంతోనే. చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. టాంపనో కప్పో పెట్టుకున్నప్పుడు ఉన్నట్టుండి బాగా జ్వరం, వాంతులు, ఎండకు కమిలినట్టు దద్దుర్లు వస్తే వెంటనే తీసేసి ఆస్పత్రికి వెళ్లండి.

అమ్మమ్మల కాలం నాటి గుడ్డ మంచిదేనా అంటారా? గుడ్డలో తప్పు లేదు, ఆరేసే చోటులోనే ఉంది. చీర కింద, తలుపు వెనక, బాత్రూం మూలన తడితడిగా ఉంటే క్రిములు పెరుగుతాయి. సబ్బుతో ఉతికి, నలుగురూ చూసే తీగ మీదే, ఎండలో ఆరేయాలి. హాస్టల్లో ఎండ దొరకదంటే గుడ్డ ప్యాడ్ మీకు కుదరదు, మొహమాటం లేకుండా మానేయండి.

ఇక కప్పు. నా ఓటు దీనికే. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో 43 అధ్యయనాలను, సుమారు 3,300 మంది అనుభవాలను కలిపి చూశారు. లీకేజీ ప్యాడ్లు, టాంపన్లతో సమానం లేదా తక్కువే. అలవాటయ్యాక దాదాపు 70 శాతం మంది ఇదే కొనసాగిస్తామన్నారు. అయితే మొదటి రెండు మూడు నెలలు చిరాకు పెడుతుంది, ఓపిక పట్టాలి. మెడికల్ గ్రేడ్ సిలికాన్‌దే కొనండి. ప్రతి నెలా వాడే ముందు మరిగే నీళ్లలో వేయండి. కాపర్-టీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే వాడాలి.

"పెళ్లి కాలేదు, వాడొచ్చా?" అని గుసగుసగా అడుగుతారు. వాడొచ్చు. కన్నెపొర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఆటల్లోనూ సాగొచ్చు. అది దేనికీ సర్టిఫికెట్ కాదు. ఇష్టం లేకపోతే ప్యాడే వాడండి, ఎవరూ బలవంతం చేయరు.

ఏది వాడినా దద్దుర్లు, మంట నెలనెలా వస్తున్నా, డిశ్చార్జ్ దుర్వాసన వేస్తున్నా గైనకాలజిస్ట్‌ని కలవండి. ఏ రకం వాడుతున్నారో, ఎన్ని గంటలకు మారుస్తున్నారో కూడా చెప్పండి, వాళ్లు అడక్కపోయినా.