అరుదైన రోగమట! ఎవరికి అరుదు?

వైద్య విద్యార్థులు చదివే లావుపాటి పుస్తకాలు తెరవండి. వెన్నుపూసలను వెనక నుంచి పట్టి ఉంచే పట్టీలు (డాక్టర్లు లిగమెంట్లు అంటరు) ఎముకగా గట్టిపడి వెన్నుపామును నొక్కడం 'అరుదు' అని రాసి ఉంటది. జపాన్ వాళ్లలో ఎక్కువ అని ఇంకో ముక్క కలిపి ఉంటది. అయ్యా, మర్రిగూడ బస్టాండ్‌లో ఒక పూట కూసోండి. మునుగోడు, నాంపల్లి పల్లెల్లో ఒక వాడ తిరగండి. నడుము వంగి, మెడ తిరగక, కట్టె పట్టుకొని నడిచే ముసలోళ్లను లెక్కపెట్టండి. తర్వాత చెప్పండి ఏది అరుదో. అక్కడ అరుదైనది రోగం కాదు, స్కానింగ్ మిషన్.

ఈ సంగతి ప్రపంచానికి తెలవక కాదు. 1937లోనే షార్ట్, ఆయన తోటి డాక్టర్లు మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో, ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాసిండ్రు. మన నల్లగొండ మీద డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. సరిగ్గా ఆ నెలలోనే, 1955 డిసెంబర్ 10న, నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిండు. లండన్ పత్రికకు మన ఎముకల గోస ఎక్కిన నెలలోనే మన జిల్లా గడ్డ మీద కృష్ణమ్మకు అడ్డుకట్ట మొదలైందన్నమాట. ఎడమ కాల్వ మిర్యాలగూడను తడిపింది, కాదనం. మునుగోడు, దేవరకొండ మెట్టకు మాత్రం రాతి పొరల్లోంచి తోడిన బోరు నీళ్లే దిక్కయినయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటొద్దని లెక్క. మనోళ్లు తాగిన నీళ్లలో అంతకు ఎన్నో రెట్లున్నది.

నీళ్ల కోసం కొట్లాడినం. 2014లో రాష్ట్రం వచ్చింది. 2016లో మిషన్ భగీరథ మొదలైంది. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నా అని కేంద్రం లెక్క చూపింది. సంతోషమే. ఇప్పుడు పుట్టే బిడ్డకు ఆ విషం లేదు. కానీ నలభై ఏండ్లు ఆ నీళ్లు తాగిన తల్లి సంగతేంది? ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ నల్లా తిప్పంగనే కరిగిపోదు. ఎముకగా మారిన పట్టీ మళ్లీ మెత్తబడదు. ఆవాసాల లెక్క సున్నా అయింది, మనుషుల లెక్క ఎవరూ తీస్తలేరు.

లోపల ఏమైతదో ఉద్యోగ మిత్రులు కొంచెం ఓపికగా వినాలె, ఎందుకంటే రేపు మీ తండ్రిని దవాఖానకు తీసుకపోయేది మీరే. వెన్నుపాము ఒక ఎముకల గొట్టంలో కిందికి దిగుతది. ఫ్లోరైడ్ ఎక్కువైతే పూసలు మందమైతయి, చుట్టూ ఉన్న పట్టీలు గట్టిపడతయి, గొట్టం ఇరుకైతది. ముందు కాళ్లు బిగుసుకపోతయి. నడిస్తే చెప్పు జారిపోయినా తెలవదు. తర్వాత ఒంటికీ రెంటికీ అదుపు తప్పుతది. ఇంట్లో ఏమంటరు? 'వయసు మీద పడ్డది, వాతం' అంటరు. అట్ల రెండేండ్లు పోతయి.

ఎక్స్‌రే తీస్తే ఎముకలు సుద్ద రాసినట్టు తెల్లగా కనబడతయి. ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పొర కూడా గట్టిపడి ముళ్ల లెక్క కనబడితే ఫ్లోరోసిస్ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. మండల కేంద్రంలో అయ్యే పరీక్ష అది. కానీ వెన్నుపాము ఎక్కడ నలుగుతుందో ఎక్స్‌రే చెప్పదు, అంతా తెలుపే గనుక. సీటీ స్కాన్ అడ్డంగా కోసినట్టు చూపిస్తది, గొట్టంలోకి పొడుచుకొచ్చిన ఎముక అందులో దొరుకుతది. ఎంఆర్ఐలో ఆ ఎముక నల్లగా, దాని కింద నలిగిన వెన్నుపాము కనబడతది. పాము లోపల తెల్లటి మచ్చ ఉంటే దెబ్బ లోపలిదాకా పోయినట్టు అనుమానించాలె. సీటీ రాయిని చూపిస్తది, ఎంఆర్ఐ గాయాన్ని చూపిస్తది. ఆపరేషన్ చేసే డాక్టరుకు రెండూ కావాలె.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి చెప్తా. కాళ్లలో బలం లేదనంగనే నడుము ఒక్కటే స్కాన్ చేయిస్తరు. డబ్బులు కలిసొస్తయని కావచ్చు, అలవాటు కావచ్చు. వెన్నుపాము మొదటి నడుము పూస దగ్గర్నే ముగిసిపోతది. నొక్కుడు ఉన్నది దానిపైన, వీపులో! 'కొంచెం డిస్క్ జరిగింది' అని కాగితం రాసి, బెల్టు కట్టి ఇంటికి పంపుతరు. ఫ్లోరోసిస్‌లో మెడ దగ్గర ఒకటి, వీపు దగ్గర ఇంకొకటి, ఇట్ల రెండు మూడు చోట్ల నొక్కుడు ఉండొచ్చు. మెడ నుంచి నడుము దాకా ఒక్క నిలువు కోత చూస్తే పట్టేది కొన్ని నిమిషాలు.

ఇంకోటి మరీ ఘోరం. తెల్లబడ్డ ఎముకలు చూసి, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో అని అనుమానం రాసేస్తరు. నిజంగనే రెండూ ఒక్క తీరుగనే కనబడొచ్చు, డాక్టరును తప్పు పట్టలేం. కానీ 'ఏ ఊరు? ఏ నీళ్లు తాగినవ్?' అన్న రెండు ప్రశ్నలు అడిగితే దారి దొరుకుతది. అడగకుంటే ఆ ముసలాయన ఇంట్ల పదిహేను రోజులు పొయ్యి వెలగదు.

సొంత రోగులను సొంత కండ్లతో చూసుకున్నోళ్లకే జ్ఞానం దొరుకుతది. 1980లలో ఫిట్స్‌తో వచ్చినోళ్ల మెదడు సీటీలో చిన్న ఉంగరం లెక్క మచ్చ కనబడితే మన దేశంలో టీబీ అని మందులు పెట్టేటోళ్లు. వేలూరు సీఎంసీలో చాందీ, రాజశేఖర్ అనే న్యూరో సర్జన్లు ఆ మచ్చలను తీసి పరీక్షిస్తే ఎక్కువ భాగం టేప్‌వార్మ్ పిల్ల తిత్తి అని తేలింది. ఎంతమంది అనవసరపు మందుల నుంచి బయటపడ్డరో! అట్లనే మన హైదరాబాద్ న్యూరో సర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ నరాలను ఎట్ల దెబ్బతీస్తదో 1979లోనే అంతర్జాతీయ గ్రంథంలో అధ్యాయం రాసిండు. జపాన్ ఏం చేసింది? పట్టీలు ఎముకగా మారే రోగం మీద 1975లోనే సర్కారే పరిశోధన కమిటీ వేసింది. అందుకే పుస్తకాల్లో అది 'జపాన్ రోగం' అయింది. మన నల్లగొండ ఫిల్ములు ఎక్కడున్నయి? ఇంటి దూలాల మీద, పాత కవర్లల్ల చెదలు పడుతున్నయి.

ఆపరేషన్ తేలిక కాదు. రాయి లాంటి ఎముకను డ్రిల్లుతో అరగదీయాలె, అది వెన్నుపాము పొరకు అతుక్కొని ఉంటది. తొందరగా చేస్తే నడక దక్కే ఆశ ఉంటది, మంచం పట్టినంక చేస్తే తక్కువ. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉన్నది సరే, ఆపరేషన్ అవసరమని చెప్పే స్కాన్ దాకా ఆ మనిషి చేరేదెట్ల?

నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. బీబీనగర్‌ల ఎయిమ్స్ ఉన్నది. అక్కడ చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఊర్లకు పోయి నడక తడబడే ప్రతి మనిషి మోకాలు మీద సుత్తితో కొట్టి చూడాలె. కాలు ఎగిరిపడితే వెన్నెముక మొత్తం ఎంఆర్ఐకి పంపాలె. వికలాంగుల ధ్రువపత్రం శిబిరంలో శాతం వేసి పంపుడు కాదు, అక్కడ్నించే స్కాన్‌కు చీటీ రాయాలె. తీసిన ఫిల్ములన్నీ ఒక్కచోట భద్రపరచాలె. స్కాన్ చీటీ మీద పేరు, వయసు గళ్ల పక్కన ఇంకో గడి అచ్చు వేయించాలె: ఊరు ఏది, ఎన్నేండ్లు ఏ నీళ్లు తాగిండ్రు. ఆ గడికి జీవో కూడా అక్కర లేదు, సూపరింటెండెంట్ సంతకం చాలు.