ఇంటి పేస్టు, గార పండ్లు

అంగడి పేస్టు మాని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చునా అని చాలామంది అడుగుతుంటారు. చేసుకోవచ్చును. అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారు ఈ ప్రశ్న వెనుక ఇంకొకటి దాచుకుని అడుగుతారు. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, గార పోయే పొడి ఏదైనా చెప్పండి" అన్నదే అసలు ప్రశ్న.

ముందు పేస్టు సంగతి చూద్దాం. రెండు చెంచాల తినే సోడాలో అది తడిసేంత కొబ్బరినూనె పోసి, నాలుగు లవంగాలను దంచి పలుచని బట్టలో జల్లించిన పొడి, చిటికెడు మెత్తని ఉప్పు కలపండి. వారానికి సరిపడా చేసి గాజు సీసాలో పెట్టుకుని, తడి లేని చెంచాతో తీసుకోండి. సోడా నోటిలోని పులుపును విరుస్తుంది, పంటిని గీయదు. నిమ్మరసం కలపవద్దు, అది పంటిపై ఉండే పింగాణి పొరను కరిగిస్తుంది. వేప పుల్ల, కానుగ పుల్ల మంచివే, కొసను బాగా నమిలి కుంచెలా చేసుకుని మెల్లగా తోమాలి. పొగాకు పొడి మాత్రం నోటి కాన్సరుకు దారి.

ఈ పేస్టులో ఫ్లోరైడు లేదు. కనుక పండ్లు పుచ్చిపోయే గుణం ఉన్నవారు ఫ్లోరైడు పేస్టు మానరాదు. మనల్ని పాడుచేసింది అదే కదా అంటారేమో! నీటిలో ఎక్కువై కడుపులోకి పోతే హాని. పంటికి రాసి ఉమ్మితే మేలు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. పెద్దవారు దగ్గరుండి ఉమ్మించాలి.

ఇక గార. చిగురు అంచున, కింది పండ్ల వెనుక గట్టిగా పేరుకునేది ఒకటి. దానిని దంత వైద్యుడు గీకి తీసేస్తాడు. ఎడమ, కుడి పండ్ల మీద ఒకే తీరుగా అడ్డంగా తెల్లని, గోధుమ రంగు చారలుంటే అది ఫ్లోరైడు గార. సుమారు ఎనిమిదేళ్లలోపు, శాశ్వత దంతాలు దవడలో తయారవుతుండగా తాగిన నీటివల్ల ఏర్పడుతుంది. రంగు పింగాణిలోపలే ఉంటుంది. ఏ పొడీ దానిని తీయలేదు. పెళ్లిచూపుల ముందు ఇటుకపొడితో, బొగ్గుతో, ఇసుకతో రుద్దితే గార అలాగే ఉంటుంది, పింగాణి అరిగి చల్లనీళ్లకే పండ్లు జివ్వుమంటాయి. అలా చేసుకుని వచ్చిన ఆడపిల్లలను ఎందరినో చూశాను. ఆ ఖర్చేదో దంత వైద్యుని దగ్గర పెట్టండి. తేలిక చారలను ఆయన పైపొర సానపట్టి తగ్గిస్తాడు, ముదిరిన వాటికి పంటి రంగు పూత వేస్తాడు.

ఈ జబ్బును మన దేశంలో 1937లోనే అప్పటి మదరాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండరాదు. మిషన్ భగీరథ నల్లా వచ్చినా రుచి లేదని బోరునీళ్లే తాగే ఇళ్లున్నాయి. కాచితే పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఇగిరి ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. పాలు తాగే పిల్లకు కలిపే పాలపొడి మొదలు ఎసరు వరకు నల్లా నీళ్లే వాడండి. బోరు తప్పనిచోట గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఆ నీటిని పరీక్ష చేయించండి.